మెరిసే గచ్చు వెనక ఎవరి చేతులు?

(విహార స్థలాల హోటళ్లలో పాయిఖానాలు కడిగే పనివాళ్ల గురించి కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మనం మాట్లాడుకునేది హోటళ్లలో ఉండే కక్కసు దొడ్ల గురించి. కొంతమందికి నవ్వు రావచ్చు. భూమి గురించి, దాడుల గురించి, ఓట్ల గురించి మాట్లాడాల్సిన చోట ఈ లెట్రిన్ల గోల ఏంటని అడగొచ్చు. అడగండి. కానీ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ దేశంలో ఏ మాట ఎత్తితే పెద్దమనుషులు ముక్కు మూసుకుంటారో ఆ మాట వెనకాలే మనోళ్ల బతుకు ఉంటుంది. చచ్చిన గొడ్డు, తోలు, పెంట, మురుగు! ముక్కు మూసుకున్నవాడికి కంపు ఒక్కటే గుర్తుంటుంది, ఆ కంపులో నిలబడి పనిచేసే మనిషి గుర్తుకి రాదు. కాబట్టి మాట్లాడాల్సింది మనమే.

మనకీ హోటలుకీ మధ్య ఉన్న తగాదా ఇవాళ్టిది కాదు. మన తాతలు హోటలు ముందు నేల మీద కూచుని టీ తాగారు. వాళ్ల గ్లాసు వేరు. తాగిన గ్లాసు వాళ్లే కడిగి చూరులో పెట్టాలి. డబ్బులు చేతికివ్వకూడదు, బల్ల మీద పెట్టాలి. ఈ రెండు గ్లాసుల పద్ధతి మీద మన ఊళ్లల్లో ఎన్ని తన్నులాటలు జరిగాయో పెద్దవాళ్లకి తెలుసు. బాబాసాహెబ్ 1927లో మహద్ చెరువు దగ్గరికి వేలమందిని వెంటపెట్టుకుని వెళ్లింది గుక్కెడు నీళ్ల కోసమే కాదు, మేమూ మనుషులమే అని చెప్పడానికి. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం హోటళ్ల పేరెత్తి మరీ చెప్పింది. దుకాణంలోకి, హోటల్లోకి, వినోద స్థలంలోకి కులం పేరుతో ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదని. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది.

మరి ఇప్పుడేం జరుగుతోంది? హోటలు ముందు తలుపులోంచి రాజ్యాంగం లోపలికొచ్చింది. వెనక తలుపులోంచి కులం వచ్చి కూచుంది. ఒకప్పుడు మనల్ని లోపలికి రావొద్దన్న హోటలువాడే ఇవాళ లోపలికి రమ్మని పిలుస్తున్నాడు. ఎక్కడికి? వంటగదిలోకి కాదు. గల్లాపెట్టె దగ్గరికి కాదు. కక్కసు దొడ్డి దగ్గరికి!

అరకు సంగతే తీసుకోండి. చలికాలం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి రైలెక్కేవాళ్లు, ఘాటు రోడ్డు మీద కార్లేసుకొచ్చేవాళ్లు, బస్సులు మాట్లాడుకొచ్చేవాళ్లు. బొర్రా గుహలు చూస్తారు, బొంగులో చికెన్ తింటారు, కాఫీ తాగుతారు, ఫోటోలు దిగుతారు. మంచిదే. జనం నాలుగు ఊళ్లు తిరగాలి, చూడాలి. మన పిల్లలూ తిరగాలి. ఆ జనానికి తిండి ఎంత అవసరమో దొడ్డి అంత అవసరం. మూడు గంటలు ఘాటు రోడ్డులో కూచుని వచ్చిన ఆడమనిషికి, షుగరు జబ్బున్న ముసలాయనకి, పసిపిల్ల తల్లికి హోటల్లో మొదట కావాల్సింది మెనూ కార్డు కాదు. శుభ్రమైన దొడ్డి, తలుపుకి గడియ, కుళాయిలో నీళ్లు. శుభ్రంగా ఉండాలని అడిగే హక్కు వాళ్లకుంది. మేము కాదనడం లేదు.

మా ప్రశ్న వేరు. ఆ శుభ్రం ఎట్లా వస్తోంది? ఎవరి ఒళ్లు హూనమైతే వస్తోంది?

హోటల్లో పని పంపకం చూడండి. వంటమాస్టరు ఒక కులం. గల్లాపెట్టె దగ్గర యజమాని బంధువు. వడ్డించే కుర్రాళ్లు ఇంకొకళ్లు. దొడ్డి కడిగేవాళ్లు ఎవరు? ఉత్తరాంధ్రలో అయితే ఎక్కువగా రెల్లి వాళ్లు. మిగతా చోట్ల మాదిగలు, మాలలు. హైదరాబాదు వైపు మెహతర్లు. కొండ మీద అయితే గిరిజన ఆడవాళ్లు కూడా ఈ పనిలోకొచ్చారు. ఫలానా కులంవాళ్లే కావాలని ఏ హోటలువాడూ బోర్డు పెట్టడు. పెట్టాల్సిన పనేముంది? సర్వరు పనికొచ్చిన కుర్రాణ్ణి ఊరెక్కడ, పేటెక్కడ, ఇంటిపేరేంటి అని నాలుగు మాటలు అడుగుతాడు. అయిపోయింది! చేతికి చీపురిస్తాడు. పదో తరగతి చదివావా, ఇంటర్ చదివావా అని చూడడు. రెండేళ్లు నమ్మకంగా పనిచేశాక, నన్ను వంటగదిలో వెయ్యండయ్యా అని అడిగితే "కస్టమర్లు ఒప్పుకోరు" అంటాడు. కస్టమరుకి వంట చేసేవాడి కులం ఎట్లా తెలుస్తుంది? తెలిసింది యజమానికే. ఒప్పుకోనిదీ యజమానే.

"ఇప్పుడు పై కులాలవాళ్లు కూడా ఈ పనిలో ఉన్నారు గదా" అని కొందరు వాదిస్తారు. ఉన్నారు. ఎక్కడున్నారు? బయట కుర్చీ వేసుకుని రూపాయలు వసూలు చేసే దగ్గరున్నారు. కాంట్రాక్టు పట్టుకునే దగ్గరున్నారు. తనిఖీ చేసి సంతకం పెట్టే దగ్గరున్నారు. కడిగే దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్క తీయండి. ఏ హోటలుకైనా వెళ్లి లెక్క తీయండి.

కొన్ని హోటళ్లలో దొడ్డి తలుపు వెనక ఒక కాగితం అంటిస్తారు. ఇన్ని గంటలకి కడిగాము, ఇన్ని గంటలకి మళ్లీ కడిగాము, కింద సూపర్‌వైజరు సంతకం. కడిగినామె పేరు చాలాసార్లు అందులో ఉండదు. పేరు ఉన్నా కాగితం నింపేది వేరొకళ్లు. ప్రభుత్వం 2014లో స్వచ్ఛ భారత్ మొదలెట్టి గాంధీ కళ్లద్దాల బొమ్మ గోడగోడకీ వేయించింది. 2023లో హోటళ్లకీ రిసార్టులకీ పారిశుద్ధ్యాన్ని బట్టి ఆకుల గుర్తులిచ్చే పద్ధతి పెట్టింది. ఎంత శుభ్రమైతే అన్ని ఆకులు, అయిదు దాకా. ఇవ్వనీయండి. మనం మాత్రం ఆకులు లెక్కపెట్టి ఊరుకోకూడదు. చీపురు పట్టుకున్న మనిషిని చూడాలి.

అసలు దొడ్డి ఎందుకు మురికి అవుతుంది? కడిగే మనిషి సోమరిపోతు కాబట్టి అంటాడు యజమాని. లెక్క వేద్దాం. ఆదివారం నాలుగు బస్సులు వచ్చాయనుకోండి. బస్సుకి నలభై మంది. నూట అరవై మంది. మనిషికి ఒక్కసారి, తక్కువలో తక్కువ ఆరు లీటర్లు వేసుకున్నా 960 లీటర్లు కావాలి. చేతులు కడుక్కునే నీళ్లు వేరు, గచ్చు కడిగే నీళ్లు వేరు. హోటలు పైన ఉన్నదేమో 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. మధ్యాహ్నానికి నీళ్లయిపోతాయి. ఆ తర్వాత వచ్చినవాడు వచ్చినట్టు చేసి పోతాడు. కంపు కొడుతుంది. కస్టమరు అరుస్తాడు. యజమాని ఆమె మీద అరుస్తాడు. ఆమె కిందినుంచి బక్కెట్లతో నీళ్లు మోసుకొచ్చి, కర్రతోనో చేత్తోనో ఆ పేరుకున్నదంతా నెట్టాలి. తప్పు ఎవరిది? ట్యాంకు పెట్టని యజమానిది. శిక్ష ఎవరికి? కడిగే ఆమెకి.

కస్టమర్లకీ ఒక మాట చెప్పాలి. బాగా చదువుకున్నవాళ్లే వస్తారు. వాడిన ప్యాడ్లు, పిల్లల డైపర్లు, గుట్కా పొట్లాలు, సీసా మూతలు బేసిన్‌లో పడేసి పోతారు. దొడ్డి జామవుతుంది. అప్పుడు ఏం చేస్తారు? పొడుగాటి స్ప్రింగు తీగ కొంటే పోయేదానికి కొనరు. "చెయ్యి పెట్టి తియ్యవే" అంటారు. 1993 చట్టం, 2013 చట్టం రెండూ పాకీ పని పోయిందంటున్నాయి. పోయిందా? బాత్రూముకి టైల్సు వేస్తే, గోడకి అద్దం పెడితే పాకీ పని పోయినట్టేనా?

ఇంకొకటి ప్రాణానికి సంబంధించింది. కార్యకర్తలు ప్రతి హోటల్లో చెప్పాల్సింది. యాసిడ్ పోసి కడిగిన చోట బ్లీచింగు పౌడరు చల్లకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. కిటికీ లేని చిన్న గదిలో అది పొగలాగా కమ్మేస్తుంది. కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. చాలామంది అక్కలు "పనికొచ్చిన కాణ్ణుంచీ దగ్గేనమ్మా" అని చెబుతుంటారు. తొందరగా తెల్లబడాలని రెండూ కలిపి పొయ్యమని చెప్పే సూపర్‌వైజర్లున్నారు. పొయ్యం అని చెప్పండి. ఒకటి వాడితే నీళ్లతో బాగా కడిగాకే రెండోది. తలుపు తెరిచి పెట్టాలి. చేతికి రబ్బరు తొడుగు, కాలికి బూటు ఉండాలి. అవి యజమాని ఇవ్వాలి, జీతంలో కొయ్యకూడదు.

ఇంతా చేసి, పొద్దున్నుంచి రాత్రిదాకా పది దొడ్లు కడిగే ఆమె తను ఎక్కడికి వెళ్తుంది? ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా? "కస్టమర్ల బాత్రూము నువ్వు వాడకూడదు" అంటారు. పనివాళ్లకని వేరే దొడ్డి కట్టరు. ఆమె చీకటిపడేదాకా బిగబట్టుకోవాలి, లేదంటే తుప్పల్లోకి పోవాలి. నీళ్లు తాగితే వెళ్లాల్సొస్తుందని నీళ్లే తాగదు. ఇది రెండు గ్లాసుల పద్ధతి కాక మరేంటి? అప్పుడు గ్లాసు వేరు, ఇప్పుడు దొడ్డి వేరు. తను కడిగిన దొడ్డిలోకి తనే వెళ్లకూడని మనిషి ఈ దేశంలో తప్ప ఎక్కడైనా ఉంటుందా?

ఇక భూమి పైన కనిపించే గచ్చు వదిలి, భూమి కింద ఉన్న సెప్టిక్ ట్యాంకు దగ్గరికి రండి. హోటలు నిండితే ట్యాంకు నిండుతుంది. పండగ సీజనుకి ముందు ఖాళీ చేయించాలి. ట్యాంకరు లారీ పిలిస్తే డబ్బులవుతాయి. మనిషిని దించితే ఒక రోజు కూలి, ఒక క్వార్టరు సీసా. ట్యాంకులో కుళ్లిన మలం నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ అనే గ్యాసులు పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కుకి వాసన పట్టే శక్తే పోతుంది. వాసన లేదు గదా అని దిగినవాడు దిగినట్టే పడిపోతాడు. పైనున్నవాడు మనోడు పడిపోయాడని దూకుతాడు. వాడూ పడిపోతాడు. అందుకే ఈ చావులు ఒకటిగా రావు. రెండు, మూడు, ఏడుగా వస్తాయి.

2019 జూన్‌లో గుజరాత్‌లో, వడోదరా జిల్లా దభోయ్ దగ్గర ఒక హోటలు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తూ ఏడుగురు చచ్చిపోయారు. అందులో నలుగురు పారిశుద్ధ్య కార్మికులు, ముగ్గురు ఆ హోటల్లో పనిచేసేవాళ్లు. మన రాష్ట్రంలో 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర కోళ్ల పరిశ్రమ మురుగు ట్యాంకులో ఏడుగురు పోయారు. 2015 నవంబరులో కేరళ కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు మన ఆంధ్ర కూలీలు ఊపిరాడక కొట్టుకుంటుంటే, దారిన పోతున్న నౌషాద్ అనే ఆటో డ్రైవరు ఆగి, కాపాడడానికి దిగాడు. ముగ్గురూ చచ్చిపోయారు. నౌషాద్‌కి వాళ్లెవరో తెలియదు. భాష తెలియదు, కులం తెలియదు, మతం తెలియదు. మనిషని తెలుసు, అంతే. ఆ ఒక్క సంగతి హోటలు యజమానికి తెలియకపోవడమే మన సమస్య.

చట్టం ఏం చెబుతోంది? ఊళ్లల్లో అడిగితే చెప్పేటట్టు గుర్తుపెట్టుకోండి. పాకీ పనివాళ్ల నిషేధం, పునరావాసం చట్టం 2013 డిసెంబరు 6న, బాబాసాహెబ్ వర్ధంతి రోజున అమల్లోకి వచ్చింది. 7వ సెక్షను ప్రకారం, రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువ శుభ్రం చేయడానికి మనిషిని పెట్టకూడదు. నేరుగా పెట్టకూడదు, ఇంకొకడి ద్వారా కూడా పెట్టకూడదు. "నాకేం తెలుసు, కాంట్రాక్టరుకిచ్చాను" అనే యజమాని మాట చెల్లదు. చావు జరగక్కర్లేదు, దించితేనే నేరం. మొదటిసారి రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయిదేళ్లు, 5 లక్షల దాకా. బెయిలు హక్కుగా దొరికే కేసు కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలవుతోంది. దాని ప్రకారం ఎస్సీ, ఎస్టీ మనిషి చేత పాకీ పని చేయించడం అత్యాచారమే.

ఇవి ఊరికే రాలేదు. కోలార్ బంగారు గనుల్లో పాకీ పనిచేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మన రాష్ట్రంలో కలెక్టరుగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టారు. 2003లో సుప్రీంకోర్టుకెక్కారు. పదకొండేళ్లు నడిచాక 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని. 2023 అక్టోబరు 20న ఇంకో తీర్పులో ఆ సొమ్ము 30 లక్షలైంది. శాశ్వతంగా అవిటివాళ్లయితే 20 లక్షలకు తగ్గకూడదన్నారు. మన ఊళ్లో ఇట్లాంటి చావు జరిగితే యజమాని రెండు లక్షలు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పోయే రోజులు పోవాలి.

చట్టంలో కంత కూడా ఉంది, అది కూడా తెలుసుకోండి. ప్రభుత్వం చెప్పిన పనిముట్లు, తొడుగులు ఇచ్చి చేయిస్తే ఆ మనిషి ఈ చట్టం లెక్కలో పాకీ పనివాడు కాడు. యజమాని దీన్నే పట్టుకుంటాడు. నలభై రూపాయల చేతి తొడుగు ఇచ్చి, ఇక నేను చట్టం పాటించాను అంటాడు. తొడుగు కావాలి, వద్దనం. కానీ తొడుగు వేసినంత మాత్రాన ఆ పని ఒకే కులానికి రాసిపెట్టి ఉండడం న్యాయమైపోతుందా? మనకి కావాల్సింది తొడుగొక్కటే కాదు, ఆ పనిలోంచి బయటికి పోయే దారి కూడా.

కొండ మీద ఇంకో సంగతుంది. అరకు షెడ్యూల్డు ప్రాంతం. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడికి అక్కడ భూమి బదిలీ కాకూడదు. ఆ చట్టం కళ్లు కప్పి బినామీ పేర్ల మీద లేచిన రిసార్టు ఏదైనా ఉంటే, దానికి భూమి గిరిజనులది, చాకిరీ దళితులది, లాభం మూడోవాడిది! దాని సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంటలోకి పోకుండా గెడ్డలోకి వదిలారనుకోండి, ఆ నీళ్లు తాగేది కింద ఉన్న గిరిజన గూడేలే. రోగం వచ్చేది వాళ్ల పిల్లలకే. కాబట్టి ఈ పోరాటంలో గిరిజనులూ మనమూ ఒకే పక్క.

మనలో మనకి ఒక మాట. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి దారిచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి, దాని ఉపకులాలు ఒక గ్రూపయ్యాయి. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండొచ్చు. కానీ చీపురు పట్టినవాళ్లని తోటి దళితుడే చిన్నచూపు చూస్తే మనువుకి మన వాడలో పీట వేసినట్టే. రెల్లి పేట సమస్య మాల పేట సమస్య కావాలి, మాదిగ వాడ సమస్య కావాలి.

చివరిగా, మన డిమాండ్లు ఏంటి?

ఒకటి. కనీస వేతనం, వారానికి ఒక సెలవు, పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించే చోటల్లా కట్టాలి. పండగ రోజుల రద్దీకి అదనపు మనుషుల్ని పెట్టాలి.

రెండు. రద్దీకి సరిపోయే నీళ్ల ట్యాంకు, బ్రష్షులు, తీగలు, మూతున్న చెత్తబుట్టలు, తొడుగులు, బూట్లు యజమాని ఇవ్వాలి. చెయ్యి పెట్టి తియ్యమనకూడదు.

మూడు. పనివాళ్లకి దొడ్డి ఉండాలి, ఆడవాళ్లకి వేరుగా, లోపల గడియతో. వేరేది కట్టే దాకా కస్టమర్ల దొడ్డే వాడుకోనివ్వాలి.

నాలుగు. సెప్టిక్ ట్యాంకు యంత్రంతోనే. ఎంత డబ్బిచ్చినా మనిషి దిగడు.

అయిదు. దొడ్డి కడిగే పని ఒకే మనిషి మెడకి కట్టకూడదు. వంతులు వెయ్యాలి. దొడ్డి కడిగినవాళ్లకి వడ్డించే పని, వంట పని నేర్పి ఇవ్వాలి. వంటమాస్టరు కూడా తన వంతు చీపురు పట్టాలి. ఆ రోజు తెలుస్తుంది, ఇది పనా, కులమా అన్నది.

కార్యకర్తలు వచ్చే సంచిక లోపల మీ దగ్గరున్న హోటళ్లకి వెళ్లండి. తిట్టడానికి కాదు, అడగడానికి. దొడ్డి కడిగేదెవరు? ఏ పేట వాళ్లు? ఎన్ని గంటలు? ఎంత ఇస్తున్నారు? వాళ్ల దొడ్డి ఎక్కడ? ట్యాంకు కిందటిసారి ఎవరు ఎత్తిపోశారు? పనివాళ్ల పేర్లు బయటపెట్టొద్దు, పని పోతుంది. లెక్క మాత్రం రాసుకురండి. ఆ లెక్క పట్టుకుని పది మంది కలిసి లేబరాఫీసుకి పోదాం, కలెక్టరు దగ్గరికి పోదాం. ఒక్కరు పోతే గుమ్మం బయట నిలబెడతారు. వంద మంది పోతే కుర్చీలు వేస్తారు.

శుభ్రమైన దొడ్డి అందరికీ కావాలి. కడిగే చేతికి కూడా కావాలి. మలం ఎవరిదో, ఎత్తేది ఎవరో అన్న న్యాయం ఇక చెల్లదని చెప్పడానికే ఈ పోరాటం.

మనిషి దిగడు, యంత్రమే దిగాలి!
పని పంచుకోండి, కులం పంచొద్దు!
జై భీమ్!